రంపానికి బొట్టు

జ్ఞానప్రసూన ఇంకా చెప్పులైనా విప్పలేదు, ఈశ్వరయ్య గొంతు వాకిట్లోకి వినిపిస్తోంది.

"ఏందమ్మా ఇంకా ఆలోచించేది? పెళ్ళయిన రోజే పెళ్ళాం పోయిందంట! ఎట్ట పోయిందంటే నోరు తెరవడంట! అట్టాంటోడికి వీసా ఇప్పించి మరీ ఇంటికి తెచ్చుకుంటావా? పిటిషన్ వెనక్కి తీసుకో. నొక్కు ఆ సెండ్ బటన్!"

మంచి ముహూర్తానికే వచ్చాననుకుంటూ ప్రసూన లోపలికి నడిచింది.

ఇన్సూరెన్సు కంపెనీలో ఏళ్ళ తరబడి దొంగ క్లెయిములు పట్టుకుని, రిటైరయ్యాక ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోలేక, లైసెన్సు తీసుకుని ప్రైవేటు డిటెక్టివ్ అయిన మనిషి ఆవిడ. అమెరికాలో క్యారీ అనే ఈ ఊళ్ళో తెలుగువాళ్ళు ఎదురుగా 'ప్రసూన ఆంటీ' అంటారు. వెనకాల 'ఎక్స్‌రే ఆంటీ' అంటారు. ఆ రెండో పేరు తనకి తెలియదని వాళ్ళ నమ్మకం. తెలుసు, కాస్త గర్వం కూడా ఉంది.

డైనింగ్ టేబుల్ దగ్గర ముగ్గురున్నారు. ఈశ్వరయ్య నిలబడే ఉన్నాడు. నెల్లూరు వదిలి ముప్పై ఏళ్ళయినా కోపమొస్తే నెల్లూరే మాట్లాడతాడు. ఆయన కూతురు వేద లాప్‌టాప్ ముందు కూర్చుని, ఎడమ కనుబొమ్మ మీది సన్నటి మచ్చని వేలితో రుద్దుకుంటోంది. ఇక్కడే పుట్టి పెరిగి, ఇక్కడే ఫార్మసిస్టుగా చేస్తోంది. మూడో మనిషి భీమశంకరం. పెళ్ళిసంబంధాల ఎంక్వయిరీలు చేసిపెడతానని తిరిగే శాల్తీ. గళ్ళ కోటు, గుప్పుమనే సెంటు, రెండు చేతుల్లో రెండు ఫోన్లు. ప్రసూనని పిలిచింది వేద. భీమశంకరాన్ని పిలిచింది ఈశ్వరయ్య. ఒకే ఇంటికి ఇద్దరు డిటెక్టివులు, ఇంక గొడవకి కొదవేముంది?

"మేడమ్‌గారు కాస్త ఆలస్యంగా వచ్చారండి," అన్నాడు భీమశంకరం తియ్యగా. "కేసు తేలిపోయిందండి."

"శవాలు కూడా తేల్తాయి భీమశంకరం గారూ. తేలినంత మాత్రాన బతికున్నట్టు కాదు," అంటూ ప్రసూన కుర్చీ లాక్కుంది. "వేదా, మొదట్నుంచి చెప్పు."

వేద చెప్పింది. ఫణి ఇక్కడే హెచ్1బీ మీద ఉద్యోగం చేసేవాడు. వేదతో పెళ్ళి కుదిరాక ఉద్యోగం పోయింది, ఇండియా వెళ్ళిపోవాల్సి వచ్చింది. నిరుడు జనవరిలో తణుకులో పెళ్ళయింది. వేద సిటిజన్ కాబట్టి తిరిగొచ్చిన వారంలోనే భర్త కోసం పిటిషన్ వేసింది. అప్పట్నుంచీ ఇద్దరూ ఫోన్ తెరల మీదే కాపురం చేస్తున్నారు. చివరికి మొన్న ముంబై కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ వచ్చింది. అంతా సాఫీగానే సాగింది. ఆఖర్న ఆఫీసరు మామూలుగా అడిగే ప్రశ్న ఒకటి అడిగాడు: ఇంతకుముందు పెళ్ళయిందా?

"ఎస్ అన్నాడు ఆంటీ!" అంది వేద. "ఆవిడ ఎక్కడుంది అంటే, 'నాట్ అలైవ్ ఎనీమోర్' అన్నాడు. వాళ్ళు ఫస్ట్ వైఫ్ డెత్ సర్టిఫికెట్ తెమ్మని, కేస్ హోల్డ్‌లో పెట్టారు. నాకు ఏ ఫస్ట్ వైఫ్ తెలీదు!"

"నువ్వు అడిగితే ఏమన్నాడు? వాడన్నది అన్నట్టే చెప్పు. నీ ఇంగ్లీషులోకి మార్చకు."

"'అయింది వేదా. ఆ రోజే పోయింది. ఇంకేం అడక్కు, ప్లీజ్.' అంతే."

"'ఆమె' అన్నాడా? 'ఆ అమ్మాయి' అన్నాడా?"

"నో. జస్ట్ 'పోయింది'. షీ డైడ్ అనే కదా ఆంటీ మీనింగ్?"

ప్రసూన ఆ మాట గుర్తుపెట్టుకుంది. భీమశంకరం వైపు చెయ్యి చాచింది. "ఏదో ఫొటో ఉందన్నారట. ఏదీ?"

భీమశంకరం ఒక ఫోన్ జేబులో వేసుకుని రెండోది ముందుకి తోశాడు.

ఫొటోలో ఫణి పంచె కట్టుకుని, నుదుట బాసికంతో, ముందుకి వంగి రెండు చేతులతో తాళి కడుతున్నాడు. ఎవరికి కడుతున్నాడో తెలియదు. ఎర్ర పట్టుచీర భుజం, పూలదండ కొస, హంసల అంచు మాత్రం కనిపిస్తున్నాయి. అక్కడికి ఫొటో అయిపోయింది.

"ఆ ఫెన్స్ నాకు తెలుసు," అంది వేద. "రేణు ఆంటీ బ్యాక్‌యార్డ్. ఫణి వాళ్ళింట్లో పైన రెంట్‌కి ఉండేవాడు. మా వెడ్డింగ్‌కి ముందు, సెప్టెంబర్ వరకు."

"పెళ్ళికూతురి ముఖం ఏదండీ?" అడిగింది ప్రసూన.

"అందులో పడలేదండి."

"పడలేదా, పడకుండా చేశారా? ఫోన్‌లో తీసిన ఫొటో ఇలా పలకలాగా చదరంగా ఉండదు. ఎవరో కత్తిరించారు."

"మా సోర్స్ పంపిందే అంతండి. సోర్స్ ఎవరని మాత్రం అడక్కండి, వృత్తిధర్మం."

"మీకు ధర్మం కూడా ఉందా, సంతోషం. పోనీ, జడ ఎత్తిపట్టుకున్న ఆడపడుచు ఏదీ?"

భీమశంకరం తెల్లముఖం వేశాడు.

"తాళి కట్టేటప్పుడు వెనకనుంచి ఎవరో ఒకరు పెళ్ళికూతురి జడ ఎత్తిపట్టుకుంటారు. లేకపోతే ముడులు జుట్టులో చిక్కుకుంటాయి. ఇక్కడ ఒక్క చెయ్యీ లేదు. ఆ మాటకొస్తే జడే లేదు."

"ఇప్పటి పిల్లలు జుట్టు విరబోసుకుంటున్నారు కదండీ!"

"తాళిబొట్టు ముహూర్తానికా? మీ ఇంటి పెళ్ళిళ్ళు చూడాలి ఓసారి." ప్రసూన తెరని రెండు వేళ్ళతో పెద్దది చేసింది. కింద మూల అక్షతల పళ్ళెం ఉంది. దాని పక్కన చెట్లకొమ్మలు కోసే చేతిరంపం. కొత్తది. దాని బద్ద మీద వరసగా పసుపు, కుంకుమ బొట్లు.

"రంపానికి బొట్టెందుకు పెట్టారు?" అంది నెమ్మదిగా.

వేద రెండు చేతులతో నోరు మూసుకుంది.

"అదేనమ్మా నేను మొత్తుకుండేది!" ఈశ్వరయ్య టేబుల్ మీద గుద్దాడు. "రంపం! పెళ్ళాం ఆ రోజే పోయింది! ఇంకేం కావాలి?"

"ఆ మాట నా నోటితో ఎందుకులెమ్మని ఊరుకున్నానండి," అన్నాడు భీమశంకరం తల వంచుకుని, ఎక్కడలేని దుఃఖమూ నటిస్తూ. "ఆడపిల్ల తండ్రి కదా, తట్టుకోలేరని."

ప్రసూన మనసులో ఏదో లీలగా మెదిలింది. కాని ఊహ ఊహే, రుజువు రుజువే. ఊహల మీద క్లెయిము కొట్టేస్తే కోర్టులో నవ్వులపాలవుతామని ఆవిడకి బాగా తెలుసు.

"నాన్నా," అంది వేద. "ఈవినింగ్ వరకు టైమ్ ఇవ్వు. అప్పటికి ఆన్సర్ రాకపోతే నేనే సెండ్ చేస్తా. ప్రామిస్." మాట చెప్పి మళ్ళీ మచ్చ రుద్దుకుంది.

అంటే ఈ సాయంత్రానికి ఒక కాపురం ఉంటుందో ఊడుతుందో తేలాలి. ప్రసూన కారు తాళాలు తీసింది.

* * *

రేణు తలుపు తీస్తూనే ముఖం చాటంత చేసుకుంది. "దా అక్కా, దా! మస్తు దినాలైంది!" అంటూనే వెనకాల వేదని చూసింది. ఆ చాటంత ముఖం చారెడు కూడా మిగల్లేదు.

కరీంనగర్ మనిషి రేణు. నోట్లో నువ్వుగింజ నానదు. అట్లాంటిది ఇవాళ టీ పెడతాననే వంకతో పొయ్యి దగ్గరినుంచి ఇటు తిరగడం లేదు. అబద్ధం చెప్పడం చేతకానివాళ్ళు వీపు చూపిస్తారు. ప్రసూన ఇది ఇన్సూరెన్సులో నేర్చుకున్న మొదటి పాఠం. ఇలాంటివాళ్ళని సూటిగా అడక్కూడదు, పక్కదారి పట్టాలి.

"రేణూ, హంసల అంచుది ఎర్ర పట్టుచీర ఉండాలి నీకు. మొన్న ఉగాదికి కట్టావు కదూ?"

"యాడ కట్టిన అక్కా? ఆ మరకతోటి ఎట్ల కడత? ఇద్దరు డ్రై క్లీనర్లకు ఇచ్చిన, పోతనే లేదు..." రేణు నాలిక్కరుచుకుంది.

"ఏం మరక?"

టీ పొంగి పొయ్యి మీద పడింది.

"ఎర్రదా?"

"ఎర్రగ గాదు... ఎండి గోధుమరంగుకు వచ్చింది."

వేద కుర్చీలో కూలబడింది. "బ్లడ్ డ్రై అయితే బ్రౌన్ అవుతుంది ఆంటీ," అంది, వినీ వినిపించకుండా.

"చీర పట్రా," అంది ప్రసూన.

చీర వచ్చింది. ప్రసూన కళ్ళజోడు సర్దుకుని మరకని వేలితో గీకింది, వాసన చూసింది. ఉద్యోగంలో నెత్తుటి మరకలు చాలా చూసింది. ఇది నెత్తురు కాదు. చుక్కలు చుక్కలుగా కారి, బంకలా పట్టి, గుడ్డలో కలిసిపోయిన మరక. చిన్నప్పుడు గుంటూరులో అమ్మ వంటింట్లో ఇలాంటి మరకలు తన గౌన్లకి ఎన్ని అంటాయో లెక్కలేదు. అమ్మ నాలుగు తగిలించేది కూడా.

"ఆ రోజు ఏం జరిగింది రేణూ?"

"చెప్పనక్కా. ఫణి వాళ్ళమ్మ ఒట్టు వెట్టించుకున్నది. గీ పిల్ల ముంగటైతే అస్సలే చెప్పొద్దన్నది."

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టు. అవతల ఒక కాపురం కూలిపోతోంది."

రేణు వేద ముఖం చూసింది. కళ్ళనీళ్ళు తిరిగాయి. "ఏం చెప్పాలె అక్కా? మూడు ముళ్ళు వడంగనే కోసిన్రు. ఫణితోనే కోపిచ్చిన్రు. నా చీర నేను తీస్తుంటెనే కారి మరకలయినై. అది గప్పుడే పాయె. ఆడనే బొంద వెట్టినం."

కుర్చీ కిందపడింది. వేద లేచి నిలబడింది. "ఆంటీ! కాల్ ద పోలీస్!"

"ఒక్క నిమిషం ఆగమ్మా," అని ప్రసూన ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పటికి ఆవిడకి లోపల నవ్వు తన్నుకొస్తోంది. బిగపట్టుకుంది. "రేణూ, నీ ఒట్టు నీ దగ్గరే ఉంచుకో. పేరు చెప్పొద్దు. ఒక్క ముక్క ఇంగ్లీషులో చెప్పు చాలు. పోయింది 'షీ' నా? 'ఇట్' ఆ?"

రేణు కళ్ళు టపటపలాడించింది. "ఇట్ అక్కా! షీ ఎట్లయితది?"

వేద నోరు తెరుచుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

మన భాష చేసిన ఘనకార్యం ఇది! బావ వస్తే వచ్చాడంటాం. వదిన వచ్చినా వచ్చిందే, బస్సు వచ్చినా వచ్చిందే. మగాడికి ఒక్కడికే వేరే క్రియ కట్టబెట్టి, ఆడమనిషినీ గేదెనీ చెట్టునీ ఒక్క గాటికి కట్టేశాం. తణుకులో పుట్టినవాడు 'పోయింది' అన్నాడు. క్యారీలో పుట్టిన పిల్ల దాన్ని తలలో ఇంగ్లీషు చేసుకుని 'షీ' అని వింది. అంతవరకూ ఆ పిల్ల తప్పేమీ లేదు. నెల్లూరులో పుట్టి కూడా షీ అనే విన్న ఈశ్వరయ్యని మాత్రం ఏమనాలి?

"పెరట్లోకి పదండి," అంది ప్రసూన. "రేణూ, మట్టి తవ్వే చిన్న పార ఉంటే తీసుకురా."

* * *

పెరడు చివర, ఫెన్స్ మూల, ఎండుటాకులు కప్పిన మడి. మధ్యలో ఎప్పుడో అడ్డంగా నరికిన బోదె ఎండి నల్లబడి ఉంది. దాని చుట్టూ నడుమెత్తు పెరిగిన మూడు లేత పిలకలు, గొట్టాల్లా చుట్టుకున్న ఆకులు విచ్చుకుంటూ ఉన్నాయి.

"బనానా ప్లాంట్," అంది వేద, ఏమీ అర్థం కాక.

"ముట్టుకోకండి!"

వెనక్కి తిరిగి చూస్తే భీమశంకరం. పక్కనే ఈశ్వరయ్య. కూతురి ఫోన్ లొకేషన్ చూసుకుంటూ వచ్చేశాడు, వెంట ఈయన్ని వేసుకుని. భీమశంకరం రొప్పుతూ మడి మీదికి వచ్చాడు.

"సాక్ష్యం తారుమారు చేస్తున్నారండి మీరు! నేరం జరిగిన చోటిది! పోలీసులు వచ్చేదాకా మట్టి కదపకూడదండి!"

"అయితే పిలవండి," అంది ప్రసూన. "చేతిలో ఒకటి కాదు, రెండు ఫోన్లున్నాయి."

భీమశంకరం పిలవలేదు.

"ఏం, పిలవరేం? నేను పిలవనా?"

"అది కాదండి... కుటుంబం పరువు..."

"పరువు సంగతి మేం చూసుకుంటాంలే, పక్కకి జరగండి." ప్రసూన పైట నడుముకి దోపుకుని మడి దగ్గర కూర్చుంది. అరటిబోదె మొదట్లో జానెడు వెడల్పు ఆకులు గుబురుగా మొలిచి ఉన్నాయి. ఒక ఆకు తుంచి నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. పసుపు వాసన గుప్పుమంది. "ఈ పసుపుమొక్క నువ్వు నాటావా రేణూ?"

"నేనెక్కడ నాటిన అక్కా? తనే మొలిచింది."

పార రెండుసార్లు దిగింది. మట్టిలోనుంచి పాత పసుపుకొమ్ము ఒకటి బయటపడింది. దానికి చుట్టుకుని దారం, మాసినా ఇంకా పచ్చగానే ఉంది. ప్రసూన దాన్ని అరచేతిలో పెట్టుకుని మట్టి ఊదింది. ఒకటి, రెండు, మూడు ముళ్ళు. చెక్కుచెదరలేదు.

"నూలు దారమైతే ఈపాటికి మట్టిలో కలిసిపోయేది."

"ఆ దినం నూలు దొరకలే అక్కా," అంది రేణు, ఇక దాచడానికేముందన్నట్టు. "నా కుట్టుమిషన్ పాలిస్టర్ దారానికే పసుపు రాసిన. ఎండు పసుపుకొమ్ము గూడ లేకుండె, స్టోర్ల పచ్చిదే దొరికింది."

పచ్చిది కాబట్టి మొలిచింది, పాలిస్టర్ కాబట్టి మిగిలింది. రుజువు తనంతట తనే ఆకులేసి, ఇక్కడున్నా రమ్మని పిలిచినట్టయింది.

ప్రసూన లేచి ఆ కొమ్ముని ఈశ్వరయ్య చేతిలో పెట్టింది. "మీ అల్లుడు కట్టిన మొదటి తాళి ఇదీ. మొదటి పెళ్ళాం అదిగో, అక్కడ నిలబడి ఉంది. కదళీ వివాహం ఈశ్వరయ్యగారూ! కుజదోషం ఉందని అరటిచెట్టుకి చీర కట్టి, తాళి కట్టించి, కోసేశారు. గండమేదన్నా ఉంటే ఆ చెట్టుతో పోతుందని. కోతకి రంపం కావాలి కాబట్టి దానికీ బొట్టు పెట్టారు. చీర మీదున్నది అరటిజిగురు."

ఈశ్వరయ్య గడ్డి మీద చతికిలబడ్డాడు. "అరటిచెట్టా! మా పిన్ని కొడుక్కి గూడా చేసుండారే! నా కళ్ళతో చూసుండా! నాకెందుకు తట్టలేదబ్బా?"

"కోపం కళ్ళకి అడ్డమొస్తే అరటిచెట్టు కూడా ఆడపిల్లలా కనిపిస్తుంది."

వేదకి ఒక్కొక్క మాటే లోపలికి దిగుతోంది. "వెయిట్. హీ మ్యారీడ్ అ బనానా ట్రీ?" అంది. ముందు నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది. రేణు వచ్చి పొదివి పట్టుకుంది.

"రేణూ, ఆ రోజు ఫొటో తీసిందెవరు?"

"నేనే అక్కా." రేణు ఫోన్ తీసి చూపించింది. అదే ఫొటో, మొత్తంగా. ఎర్రచీరలో, పూలదండతో, నెత్తిన ఆకుల గొడుగుతో నిలువెత్తు అరటిచెట్టు. దాని ముందు సిగ్గుపడుతూ నవ్వుతున్న ఫణి. "ఫణి వాళ్ళమ్మకు ఒక్కామెకే పంపిన. ఇంకెవ్వరికి పంపలే, నా పిల్లల మీద ఒట్టు."

"మళ్ళీ ఒట్టా? చాల్లే." ప్రసూన తల తిప్పింది. "అయితే భీమశంకరం గారూ, మీ సోర్స్ ఆవిడే. చెట్టు కనిపించకుండా కత్తిరించింది మీరే. ఇంతకీ ఆవిడ మీకు ఈ ఫొటో ఎందుకిచ్చినట్టు?"

భీమశంకరం చేతిలో ఒక ఫోన్ మోగింది. అదేదో కొంపలంటుకున్నట్టు చెవి దగ్గర పెట్టుకుని, "ఆఁ ఆఁ, వస్తున్నా" అంటూ పక్కవాకిలి వైపు నడిచాడు. ఆ తెర మీద ఏ పిలుపూ లేదు. అలారం అది. ఎక్స్‌రే కంటికి అది కూడా కనిపించింది.

జవాబు చెప్పకుండా పారిపోయే మనిషి దగ్గర, చెప్పినవాటికన్నా పెద్ద అబద్ధం ఇంకొకటి ఉంటుంది. అదేమిటో ముందు తెలుసుకోవాలి. "వేదా, ఫణికి ఫోన్ కలుపు. స్పీకర్‌లో పెట్టు."

* * *

ఇండియాలో పొద్దుపోయింది. అయినా ఫణి మొదటి రింగుకే ఎత్తాడు.

"వేదా?"

"నేను ప్రసూన ఆంటీని బాబూ. వేద ఇక్కడే వింటోంది. నువ్వు ఒట్టేశావు, కాబట్టి ఏమీ చెప్పొద్దు. నేను చెప్తాను. తప్పయితే 'తప్పు' అను. కాకపోతే నోరు మూసుకో. మౌనం అర్ధాంగీకారం."

అవతల ఊపిరి వినిపించింది.

"మీ అమ్మ నీచేత అరటిచెట్టుకి తాళి కట్టించింది."

మౌనం.

"ఇలాంటి పూజలకి ఏదో ఒక నియమం పెడతారు. వేదా నువ్వూ ఒకే ఇంట్లో కాపురం పెట్టేదాకా, ఆ పెళ్ళిని కాదనకూడదనీ, వేద చెవిన వెయ్యకూడదనీ ఒట్టేయించుకుంది."

మౌనం. ఆ వెనకాల ఎవరిదో పెద్దావిడ దగ్గు.

పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కాదు, పెళ్ళయితేగాని పిచ్చి కుదరదన్న సామెత ఊరికే పుట్టలేదు. కాపురం పెట్టాలంటే వీసా రావాలి. వీసా రావాలంటే నోరు విప్పాలి. నోరు విప్పాలంటే కాపురం పెట్టాలి!

"ఇంతవరకూ బాగానే ఉంది," అంది ప్రసూన. "కాని ఫణీ, నువ్వు సాఫ్ట్‌వేర్ చదివినవాడివి. ఆ ఫొటోలో నువ్వు నవ్వుతున్నావు. ఇవన్నీ నమ్మే ముఖం కాదది. మరి అంత ఆఫీసరు అడిగితే, కాదని ఒక్క మాట ఎందుకు అనలేకపోయావు?"

ఈసారి మౌనం వేరేగా ఉంది. చివరికి ఫణి మాట్లాడాడు.

"నమ్మలేదు ఆంటీ. అమ్మ కోసం నవ్వుకుంటూనే కట్టాను. తర్వాత... పెళ్ళయి వేద అక్కడికి వెళ్ళిన నెలలోనే హైవే మీద ట్రక్కు గుద్దింది. కారు నుజ్జు. నేనిక్కడ ఫోన్ పట్టుకుని కూర్చున్నా. వీసా లేదు, విమానం ఎక్కి రాలేను, చెయ్యి పట్టుకోలేను. ఆ రాత్రి నుంచీ భయం ఆంటీ. ఆఫీసరు అడగ్గానే వేద ముఖమే కనిపించింది. కాదంటే, ఆ ఒక్క మాటకి తనకి ఏమన్నా అయితే? వీసా పోతే పోయిందనుకున్నా."

వేద వేలు మచ్చ మీదికి వెళ్ళింది. రుద్దుకోలేదు. అలా ఉంచేసింది.

ఈశ్వరయ్య కండువాతో కళ్ళు ఒత్తుకుంటూ ఫెన్స్ వైపు తిరిగాడు. ఉదయం నుంచీ హంతకుణ్ణి చేసి తిట్టిన పిల్లాడు, ఆయన కూతురు బతికుంటే చాలనుకుని అమెరికానే వదులుకున్నాడు.

"పిచ్చివాడా," అంది ప్రసూన. "మాకిక్కడ మొత్తం ఫొటో ఉంది, తాళి దొరికింది, రేణు సాక్షి ఉంది. ఆ రోజు చేయించిన పురోహితుడు..."

"గిప్పుడు వేరే స్టేట్‌ల, బెంటన్‌విల్‌ల ఉన్నడు అక్కా, నంబర్ ఉన్నది," అంది రేణు.

"ఆయన చేతా రాయించి సంతకం పెట్టిస్తాను. ఇది పెళ్ళి కాదు, పూజ అని లాయరు చేత కాన్సులేట్‌కి పంపిద్దాం. ఇంక డెత్ సర్టిఫికెట్ గొడవే లేదు."

"అది దొరికింది కదా ఆంటీ."

ప్రసూన ఫోన్ చేతిలోకి తీసుకుంది. "ఏం దొరికింది?"

"డెత్ సర్టిఫికెట్. భీమశంకరం గారు ఇప్పించారు. అమ్మకి ఆయనే ఫోన్ చేశారు, ఫొటో పంపితే పని అయిపోతుందని. పేరు కదళి అని రాయించారు. ఇప్పుడే అప్‌లోడ్ పేజీలో పెట్టాను. సబ్మిట్ కొట్టడమే. అమ్మ మంచి ఘడియ చూసింది, ఇంకో నిమిషం..."

"ఫణీ! చెయ్యి తియ్యి!" ప్రసూన కేక పక్క పెరళ్ళలోకి కూడా వినిపించి ఉంటుంది. "కాన్సులేట్‌కి దొంగ కాగితం ఒక్కటి వెళ్ళిందంటే ఈ జన్మకి నీకు అమెరికా గుమ్మం లేదు! వాడు అటు మీ అమ్మ దగ్గరా, ఇటు మీ మామగారి దగ్గరా తిన్నాడు! ముట్టుకోకు దాన్ని!"

రోడ్డు మీద కారు స్టార్టయిన చప్పుడు. భీమశంకరం వెళ్ళిపోతున్నాడు. ఈశ్వరయ్య "ఒరేయ్!" అంటూ పరిగెత్తాడు. ప్రసూన కదల్లేదు. వాడి పని తర్వాత. ఇప్పుడు ఒక వేలికీ ఒక బటన్‌కీ మధ్య ఉన్న దూరమే ముఖ్యం.

"కాని ఆంటీ," ఫణి గొంతులో అదే భయం. "ఇది పంపకపోతే, ఆ పెళ్ళి కాలేదని నా నోటితో చెప్పాలిగా. చెప్తే..."

వేద ఫోన్ లాక్కుంది.

"ఫణీ, లిసెన్. అది పోలేదు."

"ఏంటి?"

"నీ ఫస్ట్ వైఫ్. పోలేదు. ఐ యామ్ స్టాండింగ్ నెక్స్ట్ టు హర్. ఇట్. వాటెవర్! నువ్వు కట్ చేసావు కదా, మళ్ళీ వచ్చింది. త్రీ బేబీస్ కూడా ఉన్నాయి. సో, నీ డెత్ సర్టిఫికెట్ పచ్చి అబద్ధం." ఆ పిల్ల ఏడుస్తూ నవ్వుతోంది. "ట్రక్ గుద్దినా నేను పోలేదు. రంపంతో కోసినా అది పోలేదు. ఎవ్వరూ పోలేదు ఫణీ. ఇంకా ఎందుకు భయం?"

అవతల పెద్దావిడ గొంతు గబగబా దగ్గరికొచ్చింది. "ఏమిటీ? మళ్ళీ పిలకలేసిందా? మూడా? చల్లని కబురు చెప్పావే తల్లీ! ఒరేయ్ నాయనా, తల్లి ఎండితే ఎండింది, పిల్లలేసిందిరా! గండం గట్టెక్కింది! ఇంక నీ మీద ఒట్టూ లేదు గిట్టూ లేదు. ఉన్నమాట చెప్పేయ్!"

ఆకాశంలో కుజుడు ఏమనుకున్నాడో తెలియదు గాని, తణుకులో మాత్రం కేసు కొట్టేశారు.

కీబోర్డు మీద ఒక మీట నొక్కిన చప్పుడు వినిపించింది. ప్రసూన ఫోన్ వైపు వంగింది.

"డిలీట్ చేశాను ఆంటీ," అన్నాడు ఫణి. ఇన్నాళ్ళూ నోటికి అడ్డం పెట్టుకున్న మాట బయటికి రావడానికి దారి వెతుక్కుంటున్నట్టుంది.

"వేదా," అన్నాడు చివరికి. "నాకు పెళ్ళయింది ఒక్కసారే. నీతోనే."

వేద పిలక పక్కన మట్టిలోనే కూర్చుండిపోయింది.

"ఐ నో," అంది. "ఇదే మాట ఆఫీసర్‌కి చెప్పి, ఇంటికి రా."